ఐదో మాట కూడా చెప్పనివ్వండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు,

అయ్యా, అమ్మా,

నేను అనంతపురం వైపు పల్లెల్లో ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన మనిషిని. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మీకు రిపోర్టులే పంపాను. ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పెన్షన్ గురించో బకాయిల గురించో కాదు, భయపడకండి.

టీకా వేశాక తల్లికి నాలుగు మాటలు చెప్పాలని మాకు నేర్పారు. ఏ టీకా వేశాం, అది ఏ జబ్బుకు. జ్వరం, వాపు వస్తే ఏం చేయాలి. మళ్ళీ ఎప్పుడు రావాలి. కార్డు జాగ్రత్తగా దాచుకుని వచ్చేటప్పుడు తీసుకురావాలి. ఈ నాలుగూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చెప్పాక తల్లిని అరగంట అక్కడే కూర్చోబెట్టాలి, బిడ్డకు రియాక్షన్ ఏమైనా వస్తుందేమో చూడటానికి.

నా అర్జీ ఆ అరగంట గురించి. బిడ్డ గొంతులో ఏదైనా అడ్డంపడి ఊపిరాడకపోతే ఏం చేయాలో ఆ అరగంటలో తల్లికి నేర్పమని.

అంగన్‌వాడీ కేంద్రంలో ఆ అరగంట ఎలా గడుస్తుందో మీలో చాలామంది చూసి ఉండరు. సూది పడగానే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. చిన్నబిడ్డయితే తల్లి పాలిస్తుంది. కాస్త పెద్దవాడైతే సంచిలో ఏది ఉంటే అది నోట్లో పెడుతుంది. బిస్కెట్టు, బొరుగులు, చిక్కీ ముక్క, మా వైపయితే నాలుగు బుడ్డలు. వేరుశనగను మేం బుడ్డలంటాం. ఏడుపు మాన్పించడానికి తిండి పెట్టడం మన ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ గుక్కపట్టి ఏడ్చే బిడ్డ, ఏడుపుకీ ఏడుపుకీ మధ్య ఊపిరి లోపలికి ఎంత బలంగా లాగుతాడో ఒకసారి గమనించండి. నోట్లో ఉన్నదాన్ని కూడా ఆ ఊపిరి లాక్కుపోతుంది.

ఒక బుధవారం నా కళ్ళముందే అది జరిగింది. తొమ్మిదో నెల పిల్లవాడు. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా వేసి, విటమిన్ ఏ చుక్కలు పోసి పంపాను. వాడికి ఐదేళ్ళ అక్క ఉంది. తమ్ముడు ఏడుస్తున్నాడని పాపం, తను తింటున్న చిక్కీలోంచి ముక్క విరిచి వాడి నోట్లో పెట్టింది. ఏడుపు ఆగిపోయింది. గదిలో అందరం హమ్మయ్య అనుకున్నాం. నేను తల కూడా ఎత్తలేదు, టీకాల లెక్క కాగితం, అదే టాలీ షీట్, రాసుకుంటున్నాను.

ఇప్పటికీ నాకు ఆ నిశ్శబ్దమే గుర్తొస్తుంది. పక్కన జేజి మనవడి మాడు మీద అరచేత్తో తడుతూ, "ఏం లేదు లేమ్మా, పొలమారింది, ఎవరో తలుచుకుంటాండారు" అంటోంది. నేను తలెత్తి చూసేసరికి వాడి నోరు తెరిచే ఉంది. శబ్దం లేదు. దగ్గు లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి.

లాక్కుని ముంజేతి మీద బోర్లా వేసుకున్నాను. తల కిందికి, దవడ నా వేళ్ళ మధ్య, నా చెయ్యి నా తొడ మీద ఆనించి. రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మొదలుతో కొట్టాను. నాలుగో దెబ్బకు చిక్కీ ముక్క టాలీ షీట్ మీద పడింది. ఒకదానికొకటి అంటుకుపోయిన రెండు బుడ్డలు, చుట్టూ బెల్లం. అప్పుడు ఏడ్చాడు వాడు. జేజి మాత్రం నా మీద మండిపడింది: "ఏందమ్మా నర్సమ్మా, పసిబిడ్డను అట్ల గుద్దేది!"

ఆమెది తప్పంటారా? ఆమెకు ఎవరు చెప్పారు గనక?

అసలు నాకు ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, తొంభైలలో, ఒక ఇంట్లో పిల్లలు వామనగుంటలు ఆడుతుంటే పక్కన పాకుతున్న పాప చింతగింజ నోట్లో వేసుకుంది. ఆ వీధిలోనే ఉన్నాను, పరిగెత్తి వెళ్ళాను. నర్సమ్మ వచ్చింది అని అందరూ పక్కకు తప్పుకుని నాకు దారిచ్చారు. నేను పాప నోట్లో వేలు పెట్టి కెలికాను. గింజ వేలికి తగిలింది, జారింది, ఇంకా లోపలికి పోయింది. స్కూటర్ మీద పీహెచ్‌సీకి తీసుకెళ్ళేసరికి ఏమీ మిగల్లేదు. ఆ ఇంటివాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. నర్సమ్మ చేయగలిగింది చేసిందన్నారు. నేను చేసింది తప్పని తెలియడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం మొదలైంది. పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు ఏం చేయాలో బొమ్మ మీద చేయించి నేర్పే శిక్షణ అది. నేను ఆ ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు టీ బ్రేక్‌లో పిల్లల డాక్టరుగారి దగ్గరికెళ్ళి, సార్, గింజ అడ్డం పడితే ఏం చేయాలి అని అడిగాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, అదే బొమ్మను ముంజేతి మీద తిప్పి చూపించారు. నాతోనూ చేయించారు. మొత్తం ఐదు నిముషాలు. ఆ ఐదు నిముషాలు ట్రైనింగ్ షెడ్యూల్లో లేవు. ఆ రోజు ఆయన టీ తాగడానికి బయటికి వెళ్ళి ఉంటే, నా టాలీ షీట్ మీద చిక్కీ ముక్క పడేది కాదు.

అందుకే అడుగుతున్నాను. నాలుగు మాటల పక్కన ఐదో మాట చేర్చండి. తొమ్మిదో నెల టీకాకి ఒకసారి, పదహారు నెలలు దాటాక వేసే బూస్టర్‌కి ఒకసారి. ఈ రెండు వయసులూ ఊరికే చెప్పలేదు. తొమ్మిదో నెలకు బిడ్డ పాకుతాడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టి తీయగలడు, దొరికింది నోట్లో పెట్టుకుంటాడు. ఏడాదిన్నరకు ముందుపళ్ళతో కొరుకుతాడు, వెనక నమిలే దంతాలు ఇంకా పూర్తిగా రావు. కొరికి, నమలకుండా మింగే వయసు అది. మీరు కొత్తగా ఎవరినీ పిలవక్కర్లేదు. తల్లి అక్కడే కూర్చుని ఉంది, అరగంట ఎప్పుడవుతుందా అని గోడ గడియారం చూస్తోంది. ఏఎన్ఎం, ఆశ, అంగన్‌వాడీ టీచరు, ముగ్గురూ అక్కడే ఉన్నారు. లేనిది బొమ్మ ఒక్కటే.

108 ఉంది కదా అంటారేమో. 2005 నుంచీ ఉంది, ఎన్ని కాన్పులను, ఎన్ని గుండెపోట్లను ఆదుకుందో దగ్గరుండి చూశాను. దాని మీద నాకు గౌరవమే. ఈ ఒక్క సంగతిలో మాత్రం దాన్ని నమ్ముకుని కూర్చోలేం. ఆక్సిజన్ అందకపోతే నాలుగు నుంచి ఆరు నిముషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మా ఊరికి బండి రావాలంటే రోడ్డు బాగున్న రోజున ఇరవై నిముషాలు. ఫోన్ చేయాల్సిందే, కానీ బండి వచ్చేలోపు ఆ గదిలో ఉన్న చేతులే పని కానివ్వాలి.

ఆ ఐదో మాటలో ఏముండాలో కూడా రాస్తున్నాను. నోట్ ఫైల్ పెట్టేవాళ్ళకు పనికొస్తుంది.

మొదట గుర్తుపట్టడం. బిడ్డ గట్టిగా దగ్గుతున్నాడు, ఏడుస్తున్నాడు అంటే గాలి ఆడుతోంది. అప్పుడు వీపు మీద కొట్టొద్దు, నీళ్ళు పోయొద్దు, దగ్గనివ్వాలి, పక్కనే ఉండి చూడాలి. మనుషులు తయారుచేసిన ఏ ఉపాయం కన్నా దగ్గు బలమైనది. దగ్గూ ఏడుపూ మాటా ఆగిపోతే, అప్పుడు మన వంతు. మన జనం దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. దగ్గుతుంటే హడావిడి పడతారు, దగ్గు ఆగితే తగ్గిందనుకుంటారు.

ఏడాది లోపు బిడ్డకు పైన నేను చేసిందే. బోర్లా, తల కిందికి, రెక్కల మధ్య ఐదు దెబ్బలు. జోకొట్టినట్టు కాదు, దెబ్బే. రాకపోతే వెల్లకిలా తిప్పి, తల కిందికే ఉంచి, రొమ్ము మధ్యలో, చనుమొనల గీతకు కాస్త కింద, ఒకటిన్నర అంగుళం లోతు దిగేలా ఐదుసార్లు నొక్కాలి. మాకు రెండు వేళ్ళతో నొక్కమని నేర్పారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లో మార్చిన సూచనల్లో ఒక అరచేతి మొదలుతో నొక్కమంటున్నారు. మళ్ళీ తిప్పి ఐదు, మళ్ళీ ఐదు, వచ్చేదాకా. ఈ వయసులో పొట్ట మీద నొక్కకూడదు, లోపల కాలేయం దెబ్బతింటుంది.

ఏడాది దాటినవాళ్ళకు, పెద్దవాళ్ళకు కూడా, ముందుకు వంచి వీపు మీద ఐదు దెబ్బలు. తర్వాత వెనక నిలబడి, పిల్లవాడైతే మోకాళ్ళ మీద కూర్చుని, నడుం చుట్టూ చేతులు వేసి, ఒక పిడికిలి బొడ్డుకు కాస్త పైన, రొమ్ము ఎముకకు బాగా కింద పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని, లోపలికీ పైకీ ఒక్క గుంజు. ఐదుసార్లు. పొట్ట గుంజే ఈ పద్ధతిని హైమ్‌లిక్ అనే అమెరికా డాక్టరు 1974లో చెప్పాడు. ఆయన తొంభై ఆరేళ్ళ వయసులో, తనుంటున్న వృద్ధుల ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఒకావిడకు తన చేతులతోనే ఇది చేశాడట. తొంభై ఆరేళ్ళ ముసలాయన చేయగలిగాడంటే దీనికి బలం పెద్దగా అక్కర్లేదని నేను మా ఆశా పిల్లలకు చెప్తుంటాను. నెలలు నిండిన గర్భిణికి, చేతులు చుట్టూ అందనంత లావుగా ఉన్నవాళ్ళకు పొట్ట బదులు రొమ్ము మధ్యలో గుంజాలి.

మనిషి స్పృహ తప్పి వాలిపోతే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టాలి. ముప్పైసార్లు రొమ్ము నొక్కి, నోరు తెరిచి చూసి, రెండు ఊపిరులు ఊదాలి. వస్తువు కంటికి కనబడితేనే వేలు పెట్టి తీయాలి. కనబడకపోతే వేలు పెట్టొద్దు. ఆ సంగతి నాకన్నా బాగా మీకెవరూ చెప్పలేరు.

ఇక చేయకూడనివి. అరటిపండు మింగించడం, అన్నం ముద్ద మింగించడం, నీళ్ళు తాగించడం. చేప ముల్లు గుచ్చుకున్నప్పుడు చేసే పనిని ఊపిరి ఆగినప్పుడు చేస్తున్నారు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపడం ఇంకొకటి, మెడకు ప్రమాదం, చెయ్యి జారితే ఇంకో ప్రమాదం. మాడు మీద తట్టడం వల్ల నష్టమేమీ లేదు, పొలమారినప్పుడు అది మన ముచ్చట. ఊపిరి ఆడని బిడ్డకు మాత్రం ఆ తట్టే పది సెకన్లే ఖరీదైనవి. పెద్దవాళ్ళు నొచ్చుకోకుండా చెప్పాలి దీన్ని. "జేజీ, ఆ తట్టేదేదో కొంచెం కిందికి దిగి వీపు మీద తట్టు" అంటే వింటారు. నేను చెప్పి చూశాను.

ఇంకో రకం ఉంది, ఇది మా బుడ్డల సీమకు మరీ ముఖ్యం. గింజ గొంతు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల గొట్టంలోకి జారిపోతుంది. బిడ్డ ఒక్కసారి దగ్గి దగ్గి ఎర్రబడి, తర్వాత మామూలుగా ఆడుకుంటాడు. పోయిందిలే అనుకుంటారు. వారం తర్వాత దగ్గు, పిల్లికూత, జ్వరం. సిరప్పు, నెబ్యులైజర్, ఇంకో డాక్టరు, ఇంకో సిరప్పు. గింజ ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి న్యుమోనియా అనో ఆస్తమా అనో నడుస్తుంటుంది. మన దేశంలో ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లల ఊపిరి గొట్టాల్లోంచి డాక్టర్లు గొట్టం వేసి తీసేవాటిలో ఎక్కువగా దొరికేది వేరుశనగ గింజే. ఒక పాపను రెండు నెలలు దగ్గు మందుల మీద తిప్పారు. ఇంటింటికీ తిరిగేటప్పుడు నేను తల్లిని కూర్చోబెట్టి, దగ్గు మొదలైన రోజు ఏం తింటోందమ్మా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "కళ్ళంలో బుడ్డలు వలుస్తాంటే పక్కన కూర్చోనుండె, ఒకసారి పొలమారింది" అంది. పెద్దాసుపత్రిలో తీశారు. సగం గింజ, ఉబ్బి మెత్తబడి ఉంది. ఆ ఒక్క ప్రశ్న మందుల చీటీ రాసే ప్రతి ఒక్కరూ అడిగేలా ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.

మరి బుడ్డలు మానెయ్యమంటానా? మానేస్తే మా పిల్లలకు మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం కిట్‌లో వేరుశనగ చిక్కీ ఇస్తూ వచ్చారు, మంచిదే. అది తల్లి తినాలని మీ లెక్క. కానీ చిక్కీ ఇంటికి వచ్చాక ఎవరి చేతికి వెళ్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ప్యాకెట్ మీద ఒక్క వాక్యం అచ్చువేయండి: నాలుగేళ్ళలోపు పిల్లలకు పొడి చేసి పెట్టండి. పొడి చేస్తే అదే బలం. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు, శనగలు, బఠాణీలు మెత్తగా ఉడికించి మెదిపి. సీతాఫలం, రేగుపళ్ళు గింజ తీసి. కూర్చోబెట్టి తినిపించాలి, పరిగెత్తించి కాదు. చందమామను చూపిస్తూ పెట్టొచ్చు, నవ్విస్తూ మాత్రం వద్దు.

పెద్ద పిల్లల సంగతి విద్యాశాఖది, అయినా ఇక్కడే రాస్తాను. 2022 నవంబరులో వరంగల్‌లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు బడిలో చాక్లెట్ గొంతులో అడ్డుపడి పోయాడు. 2024 నవంబరులో హైదరాబాద్‌లో ఆరో తరగతి పిల్లవాడు మధ్యాహ్నం పూరీలు తింటూ పోయాడు. రెండూ పేపర్లలో చదివినవే. ఆ బడుల వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళకు నేర్పారో లేదో నాకు తెలియదు. నేను అడిగేదల్లా, మధ్యాహ్న భోజనం వడ్డించే వంటమ్మకూ ఆ గంటలో వరండాలో నిలబడే టీచరుకూ చేత్తో చేసి నేర్పమని. ముసలివాళ్ళ గురించి ఎవరూ అడగరు గానీ, పక్షవాతం వచ్చి మంచాన పడ్డ తాతకు పడుకోబెట్టి గంజి పోసే ఇళ్ళు ఎన్నో చూశాను. లేపి కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి దించి, చెంచాడు చెంచాడు పోయాలి. అది కూడా ఆశలే చెప్పగలరు.

నా తోటి ఏఎన్ఎంలు ఇది చదివి నన్ను తిట్టుకుంటారని తెలుసు. ఉన్న పనే చాలక, రిటైరై పోతూ పోతూ ఇంకో పని అంటించిందని. అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నాను: దయచేసి దీనికోసం కొత్త యాప్ పెట్టకండి. ఎంతమంది తల్లులకు నేర్పారు, ఫొటో తీశారా, లొకేషన్ పెట్టారా అని అడగకండి. అడిగిన రోజున ఫొటోలు వస్తాయి, నేర్పడం పోతుంది. తల్లీబిడ్డల దగ్గరుండే టీకాల కార్డులో, అదే ఎంసీపీ కార్డులో, ఒక పేజీలో బొమ్మ గీయించండి, చదువు రాని జేజికి కూడా అర్థమయ్యేలా. ఆరు నెలలకోసారి పీహెచ్‌సీ మీటింగ్‌లో మా వాళ్ళతో, అంగన్‌వాడీ టీచర్లతో, ఆయాలతో బొమ్మ మీద చేయించండి. పోస్టర్ చూసినంత మాత్రాన చెయ్యి లేవదు, ఒకసారి చేసిన చెయ్యే లేస్తుంది.

బొమ్మకు టెండర్ పిలిస్తే ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలుసు. అందుకే మా ఊరి టైలరు దగ్గర ఒకటి కుట్టించాను. పాత చీర గుడ్డ, మెడ దగ్గర గట్టిగా ఉండటానికి లోపల తువ్వాలు చుట్ట. రొమ్ము మీద నొక్కే చోట ఎర్ర దారంతో ఒక చుక్క. తొమ్మిది నెలల బిడ్డ బరువు ఉండాలని ఎనిమిది కిలోలు రాగులు నింపాం. నెల తిరక్కుండానే ఎలుకలు ఒక కాలు తినేశాయి. ఇప్పుడు ఇసుక నింపాం, బాగుంది. రెండు నెలలుగా బుధవారాలు అంగన్‌వాడీకి తీసుకెళ్తున్నాను. ఇప్పుడున్న ఏఎన్ఎం పాప టీకాలు వేస్తుంటే నేను పక్కన చాప మీద కూర్చుంటాను. తల్లులు మొదట నవ్వుతారు, తర్వాత బొమ్మను బోర్లా వేస్తారు, మొదటి దెబ్బ ఎవరూ గట్టిగా వేయరు. మూడో దెబ్బకు వేస్తారు.

నన్ను తిట్టిన జేజి కూడా వచ్చింది, ఇంకో మనవరాలితో. బొమ్మ వీపు మీద ఆమె కొట్టిన దెబ్బకు పక్క కుట్టు ఊడింది. కొలతలు, కుట్టు వివరాలు కాగితం మీద రాసి పెట్టాను. అడిగితే పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం
అనంతపురం జిల్లా